బ్రిటిష్ వాళ్ళు రాకముందు ఊటీలో ఎవరూ ఉండేవారు కాదా?

ఉండేవారు. "ఊటీని సలివన్ అనే బ్రిటిష్ కలెక్టర్ కనిపెట్టాడు" అని చాలామంది రాస్తుంటారు, ఆ మాటే తప్పు. ఊటీ ఉన్న నీలగిరి కొండల్లో తోడాలు, కోటాలు, కురుంబలు, ఇరులలు అనే గిరిజన తెగలు ఎన్నో తరాలుగా ఉన్నాయి. మైసూరు వైపు నుంచి వచ్చిన బడగలు అక్కడ వ్యవసాయం చేసేవారు. తోడాలకు గేదెలే ప్రాణం. వాళ్ళ పాత ఇల్లు సగం పీపాను బోర్లించినట్టు ఉంటుంది, మోకాళ్ళ మీద పాకితే తప్ప లోపలికి వెళ్ళలేనంత చిన్న గుమ్మం. ఆ కొండ చలి నుంచి, అడవి జంతువుల నుంచి కాపాడుకోవడానికి అదే సరైన కట్టడం.

1799లో టిప్పు సుల్తాన్ చనిపోయాక ఈ కొండలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సలివన్ 1819లో కొండెక్కాడు. మొదట కోటగిరి దగ్గర ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత తోడాల దగ్గర భూమి కొని ఊటీలో స్టోన్ హౌస్ కట్టించాడు. ఊటీ చెరువు తవ్వించిందీ ఆయనే. ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి: ఆ భూమి మీద హక్కు తోడాలదేనని కంపెనీతో గట్టిగా వాదించాడు. ఆ వాదన నెగ్గలేదు.

తర్వాత మార్పు వేగంగా జరిగింది. గేదెలు మేసిన పచ్చిక బయళ్ళలో యూకలిప్టస్, టీ తోటలు వచ్చాయి. ఊటీ మద్రాసు ప్రెసిడెన్సీకి వేసవి రాజధాని అయింది. అంటే కోస్తా, రాయలసీమ జిల్లాల ఫైళ్ళ మీద కూడా ఎండాకాలంలో నిర్ణయాలు ఆ కొండ మీదే జరిగేవి. రైలు 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వచ్చింది.