సొంత గ్రౌండ్‌లో గెలిచిన బేస్‌బాల్ టీమ్‌ని బయటి ఊళ్ళలో నమ్మొచ్చా?

డాలస్‌కి కొత్తగా వచ్చారు. ఆఫీసువాళ్ళతో కలిసి ఆర్లింగ్టన్ వెళ్ళి రేంజర్స్ మ్యాచ్‌లు చూశారు. టీమ్ గెలుస్తుంటే ఇష్టం పుట్టింది. ఇప్పుడు వాళ్ళు సీజన్‌లో మొదటిసారి బయటి ఊరికి సిరీస్ ఆడటానికి వెళ్తున్నారు. "ఈ ఫామ్ అక్కడ కూడా ఉంటుందా, లేక ఇంట్లో పులి వీధిలో పిల్లి అవుతుందా?" అని అడిగారు. సరిగ్గా ఇదే టెన్షన్ నేను 2023 ఏప్రిల్‌లో పడ్డాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఎన్ని గెలిచారు, ఎన్ని ఓడారు అన్న లెక్క ఏప్రిల్‌లో పెద్దగా ఏమీ చెప్పదు. ఆ మ్యాచ్‌ల్లో ఎవరెవరు బంతి వేశారు, ఎన్ని వేశారు, వాళ్ళలో ఎవరు అలిసిపోయి విమానం ఎక్కుతున్నారు అన్నది చూడండి. ఇది నాకు నేర్పింది ఇక్కడి బేస్‌బాల్ అభిమానులు కాదు, మా నాన్న.

నాన్న నరసరావుపేట ఆర్టీసీ డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. ఆ ఏడాది వసంతంలో మా ఇంట్లోనే ఉన్నారు. సీజన్ మొదటి మ్యాచ్ మార్చి 30న, ఫిలడెల్ఫియా ఫిల్లీస్‌తో. అంతకుముందు ఏడాది నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటి) గెలిచిన టీమ్ అది. పైగా ఆ రోజు మన తరఫున బంతి వేసేది జేకబ్ డిగ్రామ్. ఐదేళ్ళకి 18.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చి తెచ్చుకున్న పిచర్. నాన్నకి ఆట తెలియదు, అయినా రమ్మంటే వచ్చారు.

బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదాంట్లో రెండు టీములూ వంతులవారీగా బ్యాటింగ్ చేస్తాయి. డిగ్రామ్ ఐదు రన్‌లు ఇచ్చి నాలుగో ఇన్నింగ్స్ పూర్తికాకుండానే దిగిపోయాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. అదే ఇన్నింగ్స్‌లో మనవాళ్ళు బ్యాటింగ్‌కి వచ్చి తొమ్మిది రన్‌లు కొట్టారు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది, నేనూ అరుస్తున్నాను. నాన్న మాత్రం కూర్చునే ఉన్నారు. ఆయన చూపు ఫెన్స్ అవతల బంతులు విసురుతూ ఒళ్ళు వేడెక్కించుకుంటున్న వాళ్ళ మీద ఉంది.

"వాళ్ళెవర్రా?"

"రిలీవర్లు నాన్నా. మొదలుపెట్టినవాడు దిగిపోతే వాళ్ళు వేస్తారు."

"అంటే పెద్ద డ్రైవర్ సగం దారి కూడా రాకముందే దిగిపోయాడు. మిగతా దారంతా వీళ్ళే తోలాలా? రేపు మళ్ళీ ఆట ఉందా?"

"రేపు లేదు, ఎల్లుండి."

"అయితే బతికిపోయారు," అన్నారు.

మ్యాచ్ 11-7తో గెలిచాం. ఎల్లుండి 16-3, ఆ మర్నాడు 2-1. మూడుకి మూడూ మనవే. ఇంకేముంది, ఈ ఏడాది మనదే అని నేను ఫ్రెండ్స్‌కి మెసేజ్‌లు పెడుతున్నాను. నాన్న ఇండియన్ స్టోర్‌లో ఒక లాంగ్ నోట్‌బుక్ కొనిపించి, స్కేలుతో గళ్ళు గీశారు. ఎడమవైపు పిచర్ల పేర్లు, పైన తేదీలు, గళ్ళలో ఆ రోజు వేసిన బంతుల సంఖ్య. నేను ఫోన్‌లో బాక్స్ స్కోరు, అంటే మ్యాచ్‌లో ఎవరెంత చేశారన్న పట్టిక, తీసి చదువుతుంటే ఆయన రాసుకున్నారు. డిపోలో డ్యూటీ చార్టు ఎలా రాసేవారో అచ్చం అలాగే. వరసగా రెండు రోజులు వేసినవాడి పేరు దగ్గర ఎర్ర చుక్క.

"నిన్న నైట్ సర్వీసుకి వెళ్ళొచ్చినవాడిని పొద్దున్నే మళ్ళీ ఎక్కించకూడదు. చార్టులో బస్సులన్నీ టైముకే కదిలినట్టు కనపడతాయి. ఎవరిచేత డబుల్ డ్యూటీ చేయించి కదిలించారో మూడో రోజు బయటపడుతుంది," అని అప్పుడే చెప్పారు.

ఈ మాట ఎంత నిజమో ఆటలో ఉన్న లెక్క తెలిస్తే అర్థమవుతుంది. టీమ్‌లో 26 మంది ఉంటారు, అందులో పిచర్లు 13 మందికి మించకూడదు. ఐదుగురు స్టార్టర్లు వంతుల ప్రకారం వస్తారు. ఒకసారి 90, 100 బంతులు వేస్తే మళ్ళీ నాలుగైదు రోజుల దాకా ముట్టుకోరు. మిగిలిన ఏడెనిమిది మందే బుల్‌పెన్. స్టార్టర్ ఆరు ఇన్నింగ్స్ లాగితే వీళ్ళు మూడు చూసుకుంటే చాలు. వాడు నాలుగులో దిగిపోతే ఐదు ఇన్నింగ్స్ వీళ్ళ నెత్తిన పడతాయి. వరసగా రెండు రోజులు వేసిన రిలీవర్‌ని మూడో రోజు కూడా బరిలోకి దింపడానికి మేనేజర్లు (మన లెక్కలో కోచ్‌లు) సాధారణంగా ఒప్పుకోరు. అంటే సోమ, మంగళవారాల మ్యాచ్‌లు గెలవడానికి ఖర్చుపెట్టిన చేతులు బుధవారం మ్యాచ్‌కి అందుబాటులో ఉండవు. క్రికెట్‌లో మంచి బౌలర్ ఉంటే ప్రతి మ్యాచ్‌లోనూ ఉంటాడు అన్న లెక్కకి అలవాటుపడ్డాం కదా, మన దృష్టికి ఇది ఒక పట్టాన రాదు.

బయటి ఊళ్ళో ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది, ఎందుకంటే అక్కడ చివరి బ్యాటింగ్ మనది కాదు. ఇంట్లో ఆడేటప్పుడు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు సమంగా ఉన్నా మనకి ఇంకో అవకాశం ఉంది, ఒక్క రన్ కొడితే ఆట అక్కడితో ఆఖరు. బయట ఆడుతుంటే ఆ కత్తి మన మెడ మీద ఉంటుంది. స్కోరు సమంగా ఉన్నప్పుడు మేనేజర్ తన క్లోజర్‌ని, అంటే ఆఖర్లో ఆధిక్యం కాపాడే నమ్మకమైన పిచర్‌ని, ఇప్పుడే బరిలోకి దింపాలా, మనం ఒక రన్ ముందుకి వెళ్ళేదాకా ఆగాలా? ఆగితే, ఆ రన్ రాకముందే చిన్న పిచర్ చేతిలో ఆట పోవచ్చు. ముందే దింపితే, ఆధిక్యం వచ్చాక కాపాడేవాడు ఉండడు. పైగా తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాకా స్కోరు సమంగా ఉంటే ఆడే ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్, 2020 నుంచి రెగ్యులర్ సీజన్‌లో రెండో బేస్ (రన్ పూర్తికి చుట్టి రావాల్సిన నాలుగు మజిలీల్లో రెండోది) మీద రన్నర్‌తోనే మొదలవుతుంది కాబట్టి, ఆధిక్యం కాపాడుకోవడం ఇంకా కష్టం. అలాంటప్పుడు బుల్‌పెన్‌లో తాజాగా ఉన్నది ఇద్దరా నలుగురా అన్నదే ఫలితం. అయినా భయపడాల్సినంత తేడా లేదు. మేజర్ లీగ్ మొత్తం మీద సొంత గ్రౌండ్ టీమ్ గెలిచేది నూటికి 53, 54 మ్యాచ్‌లే.

ఇక గ్రౌండు. క్రికెట్‌లో ఊరు మారితే పిచ్ మారుతుంది. ఇక్కడ మధ్యలో కొలతలు ఎక్కడైనా ఒక్కటే, బేస్‌కీ బేస్‌కీ 90 అడుగులు. మారేది ఫెన్స్. బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో ఎడమవైపు ఫెన్స్ 310 అడుగుల దూరంలోనే ఉంటుంది, కానీ గోడ 37 అడుగుల ఎత్తు. వేరే ఊళ్ళో ఫీల్డర్ చేతిలో పడే బంతి అక్కడ గోడకి తగిలి డబుల్ (ఒక్క దెబ్బకి రెండు బేస్‌లు) అవుతుంది. డెన్వర్ సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉంది, గాలి పల్చన, బంతి ఎగిరిపోతుంది. మీరు డాలస్‌లో ఉన్నారు కాబట్టి ఒకటి ప్రత్యేకంగా గమనించండి: మన గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కి తెరిచి మూసే పైకప్పు ఉంది, ఎండ మండినా వాన పడినా లోపల ఏసీ. అక్కడ ఆడి ఆడి ఏప్రిల్‌లో చికాగో లాంటి ఊరికి వెళ్తే చలికి చేతులు బిగుసుకుపోతాయి, బంతి పట్టు దొరకదు. చల్లగాలిలో బంతి దూరం కూడా పోదు. సరస్సు మీంచి ఎదురుగాలి వీస్తే అక్కడి రిగ్లీ ఫీల్డ్‌లో ఫెన్స్ దాటి హోమ్ రన్ అవుతుందనుకున్నది ఫెన్స్ ముందే రాలిపోతుంది. కాబట్టి ఇంట్లో ఎక్కువ రన్‌లు హోమ్ రన్‌లతోనే వచ్చాయా, లేక పిచర్ గురితప్పి వేసిన నాలుగు బంతులు వదిలేసి ఊరికే మొదటి బేస్ మీదికి వెళ్ళి, సింగిల్స్ కొట్టి తెచ్చుకున్నారా అన్నది ఒకసారి చూసుకోండి. రెండో రకం ఏ ఊళ్ళో అయినా పనికొస్తుంది.

ఎవరి మీద గెలిచారన్నది కూడా చూడాలి. అదే 2023లో టాంపా బే రేస్ మొదటి 13 మ్యాచ్‌లూ గెలిచారు. టీవీలో ఎక్కడ చూసినా వాళ్ళ గురించే. అందులో పది సొంత గ్రౌండ్‌లో, మూడు వాషింగ్టన్‌లో. డెట్రాయిట్, వాషింగ్టన్, ఓక్లాండ్, బోస్టన్ మీద ఆ గెలుపులు. సీజన్ అయ్యాక చూస్తే ఆ నాలుగు టీములూ గెలిచినవాటి కంటే ఓడినవే ఎక్కువ. ఓక్లాండ్ అయితే 112 ఓడింది. పద్నాలుగో మ్యాచ్‌కి రేస్ టొరంటో వెళ్ళారు, మొదటి రోజే 6-3తో ఓడారు. అలాగని రేస్ గాలివాటు టీమ్ అంటే అన్యాయం, చివరికి 99 మ్యాచ్‌లు గెలిచారు.

ఐపీఎల్ లీగ్ దశలో ఒక్కో టీమ్‌కి 14 మ్యాచ్‌లు. ఇక్కడ 162. పది మ్యాచ్‌లు గెలిచారంటే ఐపీఎల్ లెక్కలో ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా అవనట్టే. 2019లో సియాటిల్ మెరైనర్స్ 13-2తో (13 గెలుపులు, 2 ఓటములు) మొదలుపెట్టి 68-94తో ముగించారు. అదే ఏడాది వాషింగ్టన్ నేషనల్స్ మే చివరి వారానికి 19-31. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య కాపుకాసే ఫీల్డర్) ట్రే టర్నర్ ఏప్రిల్ మొదట్లోనే వేలు విరగ్గొట్టుకున్నాడు, బుల్‌పెన్ చేతులెత్తేసింది. మేనేజర్‌ని తీసేస్తారన్న ప్రచారం కూడా నడిచింది. తీసెయ్యలేదు. అక్టోబరులో వాళ్ళే వరల్డ్ సిరీస్, అంటే ఛాంపియన్లని తేల్చే ఫైనల్, గెలిచారు, ఆ సిరీస్‌లో వాళ్ళ నాలుగు గెలుపులూ హ్యూస్టన్ గ్రౌండ్‌లోనే. మొదట్లో బాగా ఆడి చివరిదాకా నిలబడ్డవాళ్ళు లేరా అంటే ఉన్నారు. 1984లో డెట్రాయిట్ టైగర్స్ 35-5తో మొదలుపెట్టారు, బయటి ఊళ్ళలో ఆడిన మొదటి 17 మ్యాచ్‌లూ గెలిచారు. ఆ వెంటనే సియాటిల్ వెళ్ళి వరసగా మూడు ఓడారు. ఏమీ కాలేదు, ఆ ఏడాది ఛాంపియన్లు వాళ్ళే. బయటి ఊరి సిరీస్‌లో మూడు మ్యాచ్‌లు పోతే కొంప మునగదని చెప్పడానికే ఇది రాశాను.

మళ్ళీ మన టీమ్ సంగతికి వస్తాను. నాన్న నోట్‌బుక్‌లో డిగ్రామ్ వరసలో ఆరంటే ఆరు గళ్ళే నిండాయి. ఏప్రిల్ 28 తర్వాత ఖాళీ. మోచేతికి ఆపరేషన్ అయ్యి ఆ ఏడాది మళ్ళీ రాలేదు. నాన్న మే నెలలో ఇండియా వెళ్ళిపోయాక గళ్ళు నేను నింపాను. సీజన్ పూర్తయ్యేసరికి టీమ్ ఇంట్లో 50-31, బయట 40-41. అంటే సగటు పర్యాటకులే. అలాంటి టీమ్ ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ తర్వాతి నాకౌట్ దశలో, టాంపా బేలో రెండు, బాల్టిమోర్‌లో రెండు, హ్యూస్టన్‌లో నాలుగు, ఫీనిక్స్‌లో మూడు, మొత్తం బయట ఆడిన 11 మ్యాచ్‌లకి పదకొండూ గెలిచి మొదటిసారి వరల్డ్ సిరీస్ తెచ్చింది. ఏప్రిల్‌లో మనల్ని భయపెట్టిన రేస్ వాళ్ళ సొంత గ్రౌండ్‌లో మన మీద రెండు మ్యాచ్‌ల్లో చేసింది ఒక్క రన్!

ఇదెలా జరిగిందని నోట్‌బుక్ ముందేసుకుని కూర్చుంటే నాకు కనపడింది ఇది. ప్లేఆఫ్స్‌లో ప్రయాణాల మధ్య విశ్రాంతి రోజులు ఎక్కువ. దాంతో ఐదుగురు స్టార్టర్ల అవసరం ఉండదు, మంచివాళ్ళు తొందరగా తిరిగి వస్తారు. నేథన్ ఇవాల్డీ ఆ ప్లేఆఫ్స్‌లో ఐదు గెలుపులు తన పేరున రాసుకున్నాడు, ఒక్కటీ ఓడలేదు. జూలై చివర్లో తెచ్చుకున్న జోర్డాన్ మాంట్‌గోమరీ అతనికి తోడు. వాళ్ళిద్దరూ ఇన్నింగ్స్ లాగేసరికి, ఏడాదంతా మనల్ని ఏడిపించిన బుల్‌పెన్ మీద బరువు తగ్గింది. కొట్టడంలో అడోలిస్ గార్సియా, కోరీ సీగర్ చేసింది తక్కువేమీ కాదు. కానీ ఇంటికీ బయటికీ తేడా చెరిపేసింది మాత్రం పిచర్ల డ్యూటీ చార్టే అని నా గట్టి నమ్మకం.

అందుకని మీరు చేయాల్సిన పని ఒక పావుగంటది. టీమ్ బయల్దేరే ముందు చివరి మూడు మ్యాచ్‌ల బాక్స్ స్కోర్లు తీయండి. ప్రతి స్టార్టర్ ఎన్ని ఇన్నింగ్స్ వేశాడో చూడండి. రిలీవర్లలో వరసగా రెండు రోజులు వేసినవాళ్ళు ఎందరు, 25 బంతులు దాటించినవాళ్ళు ఎందరో రాసుకోండి. ప్రయాణానికి మధ్యలో సెలవు రోజు ఉందా, లేక పగలు మ్యాచ్ ఆడి రాత్రికి విమానంలో దిగి మర్నాడే ఆడుతున్నారా అన్నది షెడ్యూల్‌లో ఉంటుంది. స్టార్టర్లు ఆరేసి ఇన్నింగ్స్ వేసి, క్లోజర్ రెండు రోజులుగా ఖాళీగా ఉంటే, గెలిచింది నాలుగే అయినా ధైర్యంగా ఉండండి. ఏడు గెలిచినా ఎర్ర చుక్కలు నాలుగు కనపడితే మొదటి రాత్రి మ్యాచ్ కష్టమే అనుకోండి.

మొదటి మ్యాచ్‌కి స్టార్టర్ ఎవరో ప్రకటించగానే మీ మూడు రోజుల లెక్కతో పాటు ఇక్కడే పెట్టండి. నేను కూడా నాది తీసుకుని వస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం. నాన్నకి కూడా ఫోన్‌లో చదివి వినిపిస్తాను, ఆయన అడిగే మొదటి ప్రశ్న ఇప్పటికీ అదే: "నిన్న వేసినవాళ్ళలో ఇవాళ ఎవర్ని ఎక్కిస్తున్నారు?"