షీట్ ఫిల్మ్ అంచుల్లో పసుపు మరకలు

పెద్ద కెమెరాల్లో వాడే విడి ఫిల్మ్ షీట్లు ఆరింటిని డెవలప్ చేశాక ట్రేలో వేసి అరగంట కుళాయి కింద కడిగినా నెల తిరగకుండానే అంచులు పసుపెక్కాయని మీరు అన్నారు. షీట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయండీ. ధార పైనుంచి జారిపోతుంది, మధ్యలోని హైపో (బొమ్మను నిలిపే ఫిక్సర్‌లోని రసాయనం) అక్కడే ఉండిపోతుంది.

ఫిల్మ్ మీది జిలటిన్ పొరలోని హైపో మెల్లగా నీటిలోకి వస్తుంది కాబట్టి ధార కంటే నీరు మార్చడం ముఖ్యం. షీట్లు విడివిడిగా నిలిచే మూత ట్యాంకులో నీళ్లు నింపి 5 సార్లు తిరగేసి పారబోయండి. మళ్లీ నింపి 10 సార్లు, మూడోసారి 20. ఇది ఫిల్మ్ కంపెనీ ఇల్ఫోర్డ్ వారి పద్ధతి, హార్డెనర్ (పొరను గట్టిపరిచే మందు) లేని ఫిక్సర్‌కే పనికొస్తుంది. నేను నాలుగోసారి కూడా కడుగుతాను, అది నా భయం.

మే నెలలో మన విశాఖలో మేడమీది ట్యాంకు నీళ్లు మాత్రం నేరుగా వాడకండి. వేడికి ఎమల్షన్, అంటే ఆ జిలటిన్ పొర, ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలినా గీత పడుతుంది. నీళ్లు బకెట్‌లో పట్టి, ఐసు నింపిన సీసా వేసి, డెవలపర్ (బొమ్మను తేల్చే ద్రావణం) వేడికి దగ్గరగా తెచ్చుకోండి. చివరి ముంపు డిస్టిల్డ్ వాటర్‌లో, నీటి బొట్లు నిలవకుండా చేసే వెట్టింగ్ ఏజెంట్ రెండు చుక్కలతో. ఆరబెట్టడానికి బాల్కనీ వద్దు, దుమ్ము అంటుతుంది. తలుపు మూసిన స్నానాలగది మేలు.

మరక పడ్డవాటిని తాజా ఫిక్సర్‌లో మళ్లీ ముంచి, ఇలాగే కడగండి. ఉన్న మరక పోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.