జక్మెల్ మాస్కు అచ్చు వదలాలంటే

ప్రశ్న: మా బడి వార్షికోత్సవంలో ఆరో తరగతి పిల్లలతో హైతీ దేశపు జక్మెల్ కార్నివాల్ వేషాలు వేయిస్తున్నాం. మట్టి అచ్చు మీద కాగితం అతికించి రెండు మాస్కులు చేశాం. ఒకటి అచ్చు వదల్లేదు. ఇంకోటి వంకరపోయి బూజు పట్టింది. పిల్లలేమో అక్కడివాళ్లలా ఒంటికి మసి పూసుకుంటామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు, కావలి

జవాబు: పద్ధతి సరిగ్గానే పట్టుకున్నారు టీచర్ గారూ. జక్మెల్‌లోనూ మట్టితో మొహం చేసి, దానిమీద సిమెంటు సంచుల కాగితాన్ని గంజితో అతికించి, ఎండాక ఊడదీసి రంగులేస్తారు. మీరు మాత్రం సిమెంటు సంచి జోలికి పోవద్దు, ఆ పొడి పిల్లల చర్మాన్ని తినేస్తుంది. కొట్లో దొరికే ఖాకీ కాగితం చాలు.

అచ్చు వదలకపోవడానికి కారణం దాదాపుగా ముక్కే. ముక్కుపుటాల కింద, గడ్డం కింద మట్టి లోపలికి తిరిగి ఉంటే, గట్టిపడిన కాగితం అక్కడ కొక్కెంలా పట్టేస్తుంది. అచ్చును పీట మీద పెట్టి నిటారుగా పైనుంచి చూడండి. కంటికి ఆనని గుంట ఏదున్నా మట్టితో పూడ్చేయండి. తర్వాత ఆముదం పట్టించి, మొదటి వరస కాగితాన్ని జిగురు లేకుండా ఉత్త నీళ్లతో తడిపి పరవండి.

జిగురుకు గ్లాసు మైదా, ఐదు గ్లాసుల నీళ్లు. ముందు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, సన్న సెగ మీద తెల్లదనం పోయేదాకా కాయాలి. పుస్తకాలు బైండు చేసేవాళ్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లల మొహానికి పెట్టేదాంట్లో వద్దేవద్దు. బూజు పట్టింది ఐదారు వరసలు ఒకేసారి వేయడం వల్లే: పైన ఆరినా లోపల తడి మిగిలిపోతుంది. రెండు వరసలు వేసి, ఒక రోజు ఫ్యాను కింద ఆరనిచ్చి, మళ్లీ రెండు వేయండి. తడి మీదే ఎండలో పెడితే పైపొర ముందు ముడుచుకుని అంచులు లేస్తాయి, వంకర అక్కడే మొదలు. కాగితాన్ని కత్తిరించకుండా చేత్తో చింపితే అతుకు కనబడదు. ఊడదీశాక లోపలి వైపు కూడా రంగు వేయండి. కావలిది సముద్రపు గాలి, వట్టి కాగితం చెమ్మ పీల్చి మెత్తబడుతుంది.

మసి మాత్రం వద్దు. బొగ్గుపొడి, చెరకుపాకం కలిపి ఒంటికి పూసుకుని, చేత తాడు పట్టి జనాన్ని భయపెట్టేవాళ్లను అక్కడ లాన్సెకోడ్ అంటారు. ఆ తాడు బానిసత్వపు గుర్తు. బానిసలు తిరగబడి 1804లో స్వతంత్రం తెచ్చుకున్న దేశం అది. వాళ్ల వారసులు తమ ఒంటిమీద వేసుకునే జ్ఞాపకాన్ని మన పిల్లలకు రంగుగా పులమడం నాకు సమ్మతం కాదు. తాడు పట్టించండి, అదెందుకో ఒక పిల్లతో చెప్పించండి. ఆ వేషం పరుగెత్తాలి కాబట్టి కంటి రంధ్రాలు మీ బొటనవేలు దూరేంత కోయండి, లేకపోతే స్టేజీ మెట్లు కనబడవు.