ఎనిమిదో తరగతి పర్యావరణ పాఠాలకు లక్ష్యాలు రాసే ముందు ఒక కాటా తెచ్చుకోండి

విశాఖలోని ఒక హైస్కూలులో కొత్తగా చేరిన టీచరు అడిగిన ప్రశ్న ఇది: "పర్యావరణ సుస్థిరత మీద ఎనిమిదో తరగతికి ఆరు పీరియడ్లు ఇచ్చారు. అభ్యసన లక్ష్యాలు రాసి హెచ్‌ఎం గారికి చూపించాలి. 'విద్యార్థులు పర్యావరణ పరిరక్షణ పట్ల అవగాహన పెంపొందించుకుంటారు' అని రాశాను. సరిపోతుందా?"

సరిపోదు టీచర్ గారూ. ఆ వాక్యం కొట్టేయండి. ఆరో పీరియడ్ బెల్లు కొట్టేసరికి ఫలానా పిల్లకి అవగాహన పెరిగింది, ఫలానా పిల్లాడికి పెరగలేదు అని ఎలా చూస్తారు? చూడలేని దాన్ని లక్ష్యం అనకూడదు. బీఎడ్‌లో లక్ష్యం కింద స్పష్టీకరణలు, అంటే పిల్లలు చేసి చూపించే పనులు, రాయించేది ఇందుకే. తెలుసుకుంటారు, గ్రహిస్తారు, అభినందిస్తారు అనే క్రియలు పక్కన పెట్టి కొలుస్తారు, తూస్తారు, లెక్కగడతారు, పోలుస్తారు, కారణం చూపిస్తారు అని రాయండి. అప్పుడు పాఠం దానంతట అదే మారుతుంది. కొలుస్తారు అని రాశాక కొలిచే వస్తువు ఏదో వెతకాలి కదా.

యునెస్కో 2017లో సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు పదిహేడింటికీ అభ్యసన లక్ష్యాలు రాసి ఒక పుస్తకం తెచ్చింది. జ్ఞానం, సామాజిక భావోద్వేగం, ప్రవర్తన అని మూడు పాయలు చేసింది. మన లెసన్ ప్లాన్లలో మొదటి పాయ నిండుగా ఉంటుంది, రెండోది ఒక ప్రతిజ్ఞతో, మూడోది ఒక చిత్రలేఖనం పోటీతో ముగుస్తాయి. జూన్ 5న, పర్యావరణ దినం నాడు, చార్టు మీద భూగోళానికి కన్నీళ్లు గీసిన పిల్లవాడు జూన్ 6న ఏం వేరుగా చేస్తాడో ఎవరూ అడగరు. ఇది మన బడులన్నిటికీ పట్టిన జబ్బని నా గట్టి నమ్మకం.

మూడు పాయలూ ఒకే పనిలో పట్టాలంటే మధ్యాహ్న భోజనం కంటే మంచి పాఠం లేదు. లక్ష్యం ఇలా రాయండి: "విద్యార్థి ఐదు పనిదినాల తూకాల పట్టిక నుంచి తలసరి ఆహార వృథాను గ్రాములలో లెక్కగడతాడు, రెండు కారణాలు ఆధారంతో చూపిస్తాడు, ఒక మార్పు ప్రతిపాదించి, అమలయ్యాక మళ్లీ ఐదు రోజులు తూచి తేడా చెబుతాడు." ఎవరు, ఏ పని, దేనితో, ఎంత కచ్చితంగా అన్న నాలుగూ ఇందులో ఉన్నాయి.

సామగ్రి కొద్దిదే. పది కిలోల వేలాడే స్ప్రింగ్ కాటా ఒకటి, మూతలేని బకెట్లు మూడు, ఒక చిల్లుల గిన్నె, గ్లవ్స్, సబ్బు. కాటా వేలాడదీయడానికి వరండా కొక్కెం చాలు. ప్లేట్లు కడిగే చోట మొదటి బకెట్ మీద చిల్లుల గిన్నె పెట్టండి, మెతుకులు అందులో పడాలి. పది నిమిషాలు నీరు కారిపోనివ్వాలి. ఈ మెట్టు దాటేస్తే పిల్లలు తూచేది అన్నం కాదు, కడిగిన నీళ్లు. రెండో బకెట్ కరివేపాకు, మునక్కాడ పిప్పి, గుడ్డు పెంకులకి. అవి ఎలాగూ తినేవి కావు కాబట్టి వృథా కింద రాయకూడదు. గుడ్డు పెట్టిన రోజు పెంకులు అన్నంలో కలిస్తే ఆ రోజు అంకె అమాంతం పెరిగి పిల్లలు తప్పు కారణం వెతుకుతారు. మూడోది కూరలకి.

ఖాళీ బకెట్ బరువు తీసేయడం పిల్లలు తప్పకుండా మరిచిపోతారు. మొదటి రోజే ఖాళీ బకెట్ తూచి, ఆ అంకె దాని మీదే పెయింటుతో రాయించండి. రోజుకు పది కిలోలు దాటే బడిలో రెండు విడతలుగా తూచండి, ముల్లు చివరకు పోయిందంటే ఆ తూకం పనికిరాదు. ఒక్క రోజు తూకంతో సరిపెట్టకండి. మెనూ రోజుకొకటి, పులిహోర రోజు వృథా వేరు, సాంబారు రోజు వేరు. అందుకే సోమవారం నుంచి శుక్రవారం దాకా. మారు తూకం కూడా అదే మెనూ వారాల్లోనే.

ఇక లెక్క. ఐదు రోజుల్లో అన్నం, కూర కలిసి 62 కిలోలు వచ్చాయనుకుందాం. రోజుకు సగటున 310 మంది తిన్నారు. 62,000ను 1,550తో భాగిస్తే 40 గ్రాములు. ఇక్కడ చేసే పెద్ద తప్పు, హాజరు బదులు రోలు సంఖ్యతో, అంటే బడిలో పేరున్న పిల్లలందరి సంఖ్యతో, భాగించడం. రోలులో 360 మంది ఉంటే 34 గ్రాములే వస్తుంది, బడి ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. ఆ రోజు తిన్నవాళ్ల సంఖ్య భోజనం రిజిస్టర్లో ఉంటుంది, అదే తీసుకోవాలి.

తర్వాత ఆ అంకె మనుషుల లెక్కలో కనిపించాలి. రోజుకు పారేసిన సుమారు 12 కిలోల్లో 9 కిలోలు అన్నమే అయితే, బియ్యం వండితే దాదాపు మూడు రెట్లవుతుంది కాబట్టి అది సుమారు 3 కిలోల బియ్యం. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు రోజుకు 150 గ్రాముల బియ్యం లెక్క. అంటే ఇరవై మంది పిల్లల వాటా కాలవలోకి పోతోంది. ఈ భాగహారం పిల్లలే చేయాలి, మీరు చెప్పేయకూడదు.

కారణాలు అడిగితే "అన్నం బాగోలేదు" అంటారు. అక్కడ ఆగకండి. ఏ తరగతి పిల్లలు ఎక్కువ వదిలేశారో, ఆఖరి వరుసకి తినడానికి ఎన్ని నిమిషాలు మిగిలాయో రాయించండి. చాలాచోట్ల అసలు కారణం వడ్డన. ఒకేసారి గరిటె నిండా పెట్టేస్తారు. పిల్లలు ప్రతిపాదించే మార్పు కూడా సాధారణంగా ఇదే: ముందు సగం పెట్టి, కావాలంటే మారు వడ్డించాలి. జాగ్రత్త ఇక్కడే కావాలి. మారు అడగడానికి ఆరో తరగతి పిల్లలు సిగ్గుపడతారు. వృథా 40 నుంచి 25 గ్రాములకు తగ్గి, చిన్నపిల్లలు అర్ధాకలితో లేస్తే అది విజయం కాదు. కాబట్టి లక్ష్యంలో మరో ముక్క కలపండి: "మారు వేయించుకున్నవారి సంఖ్యను తరగతివారీగా నమోదు చేసి, వృథా తగ్గడం వల్ల ఎవరి తిండీ తగ్గలేదని చూపిస్తాడు." సామాజిక భావోద్వేగ లక్ష్యం అంటే ఇదే. వడ్డించే అక్కలను తప్పుపట్టేలా పిల్లలు మాట్లాడకుండా చూడండి, వాళ్లతో ముందే మాట్లాడి ఉండండి.

చెత్త తూకం కూడా ఇలాగే చేయొచ్చు. చిప్స్ కవర్లు తేలిక, ఈ కాటా మీద రోజువారీగా ముల్లు కదలదు. ఐదు రోజులవి గోనెసంచిలో పోగేసి తూచండి, లేదా లెక్కపెట్టండి. లోపల వెండిలా మెరిసే కవరును పాత సామాన్ల కొట్టువాళ్లు తీసుకోరు, దాన్ని మామూలు ప్లాస్టిక్‌తో కలపకూడదు. శానిటరీ ప్యాడ్లు, సూదులు ఉండే డబ్బా పిల్లల దగ్గరకు రానేకూడదు.

మీ బడి పాత నగరంలో, పోర్టు వైపు ఉంటే ధూళి మీద ఒక లక్ష్యం పెట్టుకోవచ్చు. పది సెంటీమీటర్ల చదరపు తెల్ల అట్ట మీద వేజ్‌లిన్ పల్చగా రాసి, మొదటి అంతస్తు కిటికీ బయట 24 గంటలు ఉంచి, ఒక చదరపు సెంటీమీటరులో నల్లని రేణువులు భూతద్దంతో లెక్కపెట్టాలి. నేలకు దగ్గరగా పెడితే ఆటస్థలం మట్టే అంటుకుంటుంది. వాన పడిన రోజు అట్ట పారేయండి. ధూళి ఎంత పడిందో అట్ట చెబుతుంది, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. "ఈ అట్టతో ఏది తేల్చగలం, ఏది తేల్చలేం అన్నది రెండు వాక్యాల్లో రాస్తాడు" అన్నదే ఇక్కడి లక్ష్యం. నా దృష్టిలో ఆరు పీరియడ్లలో విలువైన వాక్యం అదే, ఎందుకంటే ఈ ఊళ్లో కాలుష్యం మాట వస్తే అందరూ ముందు వేలు చూపించి, తర్వాత కొలత వెతుకుతారు.

మొక్కల సంగతి కూడా చెప్పాలి. "మొక్కలు నాటుతారు" అని లక్ష్యం రాయకండి. "నాటిన మొక్క వచ్చే జూన్‌కి బతికి ఉంటుంది, ప్రతి నెలా మొదటి సోమవారం ఎత్తు కొలిచి రాస్తారు" అని రాయండి. ఏప్రిల్, మే నెలల్లో సెలవులకు నీళ్లెవరు పోస్తారో పేరుతో సహా ప్లాన్‌లో ఉండాలి. ఏ జాతి నాటాలో కూడా పాఠమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను పచ్చదనాన్ని ఊడ్చేశాక నగరంలో ఏడాకుల చెట్లు విరివిగా నాటారు. త్వరగా పెరిగాయి. పూత కాలంలో ఘాటు వాసన, అలర్జీ అని జనం ఇప్పుడు ఫిర్యాదు చేస్తున్నారు. వేప, కానుగ, ఏడాకుల చెట్లను నీడ, వేర్లు, పూత, గాలికి తట్టుకోవడం అనే నాలుగు అంశాల్లో పోల్చి ఒకటి ఎంచుకుంటారు అన్నది ఎనిమిదో తరగతికి సరిగ్గా సరిపోయే లక్ష్యం.

ఆరు పీరియడ్లలో ఇవన్నీ పట్టవు. భోజనం తూకం ఒక్కటి తీసుకోండి. మొదటి పీరియడ్ పట్టిక గీయడానికి, రెండోది లెక్కకి, మూడోది కారణాలకి, నాలుగోది వంటవాళ్లతో, హెచ్‌ఎం గారితో పిల్లలే మాట్లాడటానికి. తర్వాత రెండు వారాలు ఆగండి, కొత్త వడ్డన అలవాటు పడటానికి ఆమాత్రం కావాలి. మళ్లీ తూచాక మిగతా రెండు పీరియడ్లు. తూకం పనంతా భోజన విరామంలోనే, రోజుకు నలుగురు పిల్లలు చొప్పున వంతులు వేయండి. ఫార్మేటివ్ మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి ఇచ్చే మార్కులు వృథా తగ్గినందుకు ఇవ్వకండి. అలా ఇస్తే పిల్లలు అంకెలు దిద్దుతారు. పట్టిక నిజాయతీగా నింపినందుకు, తగ్గకపోతే ఎందుకు తగ్గలేదో చెప్పినందుకు ఇవ్వండి.