బండలు లేపాక రేటు పెంచితే ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది కడప, ఎర్రముక్కపల్లె. నాన్నగారు ముప్పై ఏళ్ళ కిందట కట్టించిన ఇల్లు. హాలు, పక్క గది కలిపి 400 చదరపు అడుగులు, నేలంతా కడప బండలు. బాత్రూం గోడ వైపు నేల కుంగింది, బండలు కదులుతున్నాయి. ఇల్లు బాగు చేయిస్తూ నేల పనికి ముగ్గురిని అడిగాను. ఒకరు పాత బండలే లేపి పరుస్తాను, కూలి మాత్రమే 46,000 అన్నారు. రెండో ఆయన కింద బెడ్ (కాంక్రీటు పొర) కొత్తగా వేసి, టైల్స్ పరిచి, అన్నీ కలిపి లక్ష, జీఎస్టీ 18 శాతం అదనం అని కాగితం మీద రాసిచ్చారు. మూడో మేస్త్రి ‘ఫ్లోరింగ్ రిపేరు, మెటీరియల్‌తో సహా 78,000’ అని వాట్సాప్‌లో పెట్టారు. మధ్యరకంగా ఉందని ఆయనకు 25,000 అడ్వాన్స్ ఇచ్చాను. నాలుగు బండలు లేపాక, కింద మట్టి దిగిపోయింది, ఇంకో 36,000 అవుతుందంటున్నారు. వద్దంటే అడ్వాన్స్ రాదంటున్నారు. ఏది న్యాయమైన రేటు? నా డబ్బు పోయినట్టేనా?

జవాబు: అమ్మా, మీ 25,000 పోలేదు. ఆ టెన్షన్ ముందు పక్కన పెట్టండి. అలాగని ఆ మేస్త్రిని మోసగాడని కూడా ఇప్పుడే అనేయకండి. ఆయన అడిగిన 36,000 కలిపి చూడండి: 1,14,000. మీకు మధ్యరకంగా కనిపించిన కొటేషన్ చివరికి రెండో ఆయన లెక్క దగ్గరికే చేరింది. ఆయన కాగితంలో బెడ్ పని ఉంది, ఈయన మెసేజ్‌లో లేదు. మీరు పోల్చింది మూడు రేట్లను కాదు, మూడు వేర్వేరు పనులను. నా దగ్గరికి వచ్చే ఇంటి పనుల తగాదాల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి.

ఈ పనికి ఇంతే తీసుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ వివరణ ప్రకారం, ఇష్టపూర్వకంగా ఒప్పుకున్న ఒప్పందం ధర సరిపోలేదన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదు. ‘ఎక్కువ రేటుకు ఒప్పుకున్నాను, తగ్గించండి’ అని వెళ్తే కోర్టు వినదు. ఏం చేస్తానన్నాడు, ఏం చేశాడు అన్నదే చూస్తుంది. ప్రభుత్వ ఇంజినీరింగ్ శాఖలకు స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్ అని పనుల ధరల పట్టిక ఒకటి ఉంది. ప్రైవేటు మేస్త్రి దానికి కట్టుబడనక్కర్లేదు. కానీ తెలిసిన సివిల్ ఇంజినీరు ఎవరైనా ఉంటే ఆ రేట్లతో మీ పనికి ఒక లెక్క వేయించుకోండి. మూడు కొటేషన్లలో ఏది మరీ దూరంగా ఉందో తెలుస్తుంది.

ఇప్పుడు ఆ 36,000 సంగతి. ఒకసారి కుదిరిన ఒప్పందాన్ని మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి, అది అదే చట్టం 62వ సెక్షన్. మేస్త్రి ఒక్కడే రేటు పెంచలేడు. ‘కింద ఏముందో నాకెలా తెలుస్తుంది’ అని ఆయన అనవచ్చు. మామూలుగా అయితే ఆ మాటలో న్యాయం ఉంది, బండ లేపితే తప్ప మట్టి కనబడదు కదా. కానీ మీరు ఆయన్ను పిలిచిందే నేల కుంగిందని. కుంగిన నేల బాగు చేయడానికి వచ్చిన మనిషి, కింద మట్టి దిగిందని ఇప్పుడే తెలిసిందంటే బేల్దారి పని తెలిసినవారెవరూ నమ్మరు. మీ వాదనకు బలం ఇదే.

అయితే 70వ సెక్షన్ కూడా తెలుసుకోండి. ఊరికే చేసే ఉద్దేశం లేకుండా ఒకరు మనకు పని చేసి, ఆ లాభం మనం అనుభవిస్తే, తగిన సొమ్ము ఇవ్వాల్సిందే. అంటే మీరు ఏమీ అనకుండా ఉండగా ఆయన కొత్త మట్టి పోసి, దిమ్మిస కొట్టి, బెడ్ వేసేశాడనుకోండి, తర్వాత ‘నేను చెప్పలేదు’ అంటే నిలవదు. అందుకే ఈ రోజే వాట్సాప్‌లో ఇలా పెట్టండి: ‘అదనపు పనికి నేను ఇంకా ఒప్పుకోలేదు. ఎంత మేర, ఎంత లోతు, ఏ రేటు అనేది రాసి ఇవ్వండి. నేను సరే అన్నాకే మొదలుపెట్టండి.’ ఆయన 78,000 అన్న మెసేజ్‌ను చెరిపేయకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, తగిన సర్టిఫికెట్ జతచేస్తే, ఆ మెసేజ్ సాక్ష్యంగా పనికొస్తుంది.

తర్వాత కొలత. నాలుగు బండలు లేపి 400 అడుగులకూ మట్టి దిగిందని చెప్పడం కుదరదు. బాత్రూంకు దూరంగా, గది ఆ చివర రెండు బండలు మీ ఎదుట లేపమనండి. టేపు పెట్టి ఫొటో తీయండి. మొత్తం నేలకు నాలుగంగుళాల బెడ్ అంటే సుమారు 133 ఘనపుటడుగుల కాంక్రీటు. కుంగింది గోడ వెంబడి 10 అడుగులు, 8 అడుగులే అయితే 27 ఘనపుటడుగులు చాలు. అయిదో వంతు పని. అప్పుడు 36,000 ఎందుకని నిలదీసి అడగవచ్చు. లెక్క దగ్గర పెట్టుకుని అడిగితే చాలామంది మేస్త్రులు దిగి వస్తారు, నిజంగా పని ఎక్కువుంటే అదీ తేలుతుంది.

అసలు మట్టి ఎందుకు దిగింది? బాత్రూం గోడ వైపే కుంగిందంటే పైపు కారుతూ ఉండవచ్చు. మీరు రాసిన మూడు కొటేషన్లలోనూ ప్లంబింగ్ మాట లేదు. లీకు ఆపకుండా ఎవరు ఎంత బాగా పరిచినా నేల మళ్ళీ కుంగుతుంది. అప్పుడు ‘నా పని బాగానే ఉంది, నీ పైపుది తప్పు’ అని మేస్త్రి చేతులు దులుపుకుంటాడు, చట్టం ముందు ఆ మాట నిలుస్తుంది కూడా. నేల కంటే ముందు ప్లంబర్‌ను పిలవండి.

ఆయన లెక్క చెప్పడానికి ఒప్పుకోకపోతే, లేదా పాత రేటుకు చేయనని తెగేసి చెబితే, కాంట్రాక్టు చట్టం 39వ సెక్షన్ కింద మీరు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. అడ్వాన్స్ అంటే పనికి ముందుగా ఇచ్చిన సొమ్ము, అది జరిమానా కాదు. అప్పటికి చేసిన పనికి, మీ ఇంటికి తెచ్చి దింపిన సామానుకు న్యాయంగా ఎంతవుతుందో అంత పట్టుకుని మిగతాది తిరిగి ఇవ్వాలి. నాలుగు బండలు లేపినందుకు 25,000 మింగడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు.

ఇవ్వకపోతే? పోలీస్ స్టేషన్‌కు పరిగెత్తకండి. మోసం కేసు నిలవాలంటే మొదటి రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపాలి, రేటు తగాదా సివిల్ విషయమే. ముందు స్పీడ్ పోస్టులో (రిజిస్ట్రేషన్‌తో) నోటీసు ఇవ్వండి. తర్వాత కడప జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. వాళ్ళు మేస్త్రిని పిలిపించి మాట్లాడిస్తారు. ఇలాంటివి చాలా వరకు అక్కడే తీరిపోతాయి. ఫోన్ నంబరు 15100.

జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి, 5 లక్షల వరకు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఒక మెలిక ఉంది. మీరే సామాను తెచ్చి, రోజు కూలి ఇచ్చి, పక్కన నిలబడి ఇలా చెయ్, అలా చెయ్ అని చేయించుకుంటే అది వ్యక్తిగత సేవ కింద పోతుంది, కమిషన్‌కు రాదు. మొత్తం పనిని ఒక ధరకు ఒప్పుకుంటే వస్తుంది. మీది రెండో రకం. మొదటి ఆయనకు కూలి మీద ఇచ్చి ఉంటే అది ఏ రకమన్న దగ్గరే వాదన మొదలయ్యేది.

పని రెండో ఆయనకు ఇవ్వాలనిపిస్తే ముందు రెండు సంగతులు అడగండి. జీఎస్టీ నంబరు ఉందా అని ఒకటి. మన రాష్ట్రంలో అది 37తో మొదలవుతుంది, మొత్తం 15 అక్షరాలు, అంకెలు. రిజిస్ట్రేషన్ లేనివారు మీ దగ్గర జీఎస్టీ పేరుతో ఒక్క రూపాయి వసూలు చేయకూడదు, అంటే ఆ 18,000 ఇవ్వనక్కర్లేదు. ఉంటే పన్ను బిల్లు తీసుకోండి, రేపు తగాదా వస్తే అదే మీ ఆధారం. రెండోది టైల్ కొలత. రెండు బై రెండు అంటాం కానీ 600 మిల్లీమీటర్ల టైల్ 3.87 చదరపు అడుగులే, నాలుగు కాదు. నాలుగు టైల్స్ పెట్టె 15.5 అడుగులు. పరిచిన నేలను కొలిచి డబ్బివ్వండి, టైల్స్ లెక్కపెట్టి కాదు. మిగిలిన పెట్టెలు మీవేనని రాయించండి.

ఎవరికిచ్చినా కాగితంలో ఉండాల్సినవి: పాతవి ఎవరు లేపాలి, చెత్త ట్రాక్టరు ఎవరిది, బెడ్ ఎన్ని అంగుళాలు, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) చదరపు అడుగుల్లో కలిసిందా లేక విడిగా అడుగు లెక్కా, బండలైతే పాలిష్ ఎన్నిసార్లు, ఎప్పటికి పూర్తి, ఎన్నాళ్ళలో కదిలితే ఉచితంగా సరిచేయాలి. డబ్బు పని జరిగిన కొద్దీ ఇవ్వండి. పదో వంతు చివరిదాకా ఆపి, అన్ని బండలనూ తట్టి చూసి, డొల్ల మోత లేదని తేలాక ఇవ్వండి.

ఇంకొకటి. టైల్స్ వేయిస్తే లేపిన కడప బండలు మీ సొత్తు. ముప్పై ఏళ్ళు అరిగినా మంచి బండలకు పాత సామాను దగ్గర ధర పలుకుతుంది. ‘చెత్తతో పాటు తీసుకెళ్తాంలే’ అని మేస్త్రులు చెబితే చాలామంది సరే అంటారు. మీరు వాటిని లెక్కపెట్టి పెరట్లో పేర్పించుకోండి. ఆయనే తీసుకుంటానంటే వాటి ధర కొటేషన్‌లో తగ్గించి రాయమనండి.