అమెరికా రాజకీయాల్లో ఇంతమంది జాన్సన్‌లు ఎందుకున్నారు? వీళ్లంతా ఒకే కుటుంబమా? ప్రతినిధుల సభ స్పీకర్ మైక్ జాన్సన్ ఎవరి బంధువు?

కాదండీ. అధ్యక్షులుగా చేసిన ఆండ్రూ జాన్సన్, లిండన్ జాన్సన్ చుట్టాలు కారు. ఇప్పటి స్పీకర్ మైక్ జాన్సన్ వేరు, విస్కాన్సిన్ సెనేటర్ రాన్ జాన్సన్ వేరు. కెనెడీలు, బుష్‌లలాగా ఇది తరతరాల రాజకీయ కుటుంబం కాదు. లిండన్ జాన్సన్ తండ్రి టెక్సస్ శాసనసభలో ఉండేవాడు, అంతవరకు నిజమే. కానీ లిండన్‌కి ఇద్దరూ ఆడపిల్లలే, ఆ పేరుతో ఆ ఇంటి రాజకీయం అక్కడితో ఆగిపోయింది.

స్మిత్ తర్వాత ఈ దేశంలో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు జాన్సనే. 2010 జనాభా లెక్కల ప్రకారం 19 లక్షల పైచిలుకు. ఇంగ్లండ్, స్కాట్లండ్‌ల నుంచి వచ్చినవాళ్లు, స్వీడన్, నార్వేల నుంచి వచ్చి పేరు ఇక్కడి పద్ధతిలోకి మార్చుకున్నవాళ్లు, బానిసత్వం పోయాక ఈ ఇంటిపేరుతో నిలిచిన నల్లజాతి కుటుంబాలు, అందరూ అందులో ఉన్నారు. ఈ జాన్సన్‌లలో దాదాపు మూడో వంతు నల్లజాతివాళ్లే. అంతమంది ఉన్నప్పుడు పదవుల్లోనూ ఉంటారు కదా.

మనకి ఇంటిపేరు వినగానే "ఎవరి తాలూకు?" అని ఆరా తీయడం అలవాటు. ఆ అలవాటుతోనే ఈ ప్రశ్న వచ్చిందనుకుంటున్నాను. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు అసలు అడగాల్సింది వేరే ఉంది. ఏ జాన్సన్ మనకి తలుపు మూశాడు, ఏ జాన్సన్ తీశాడు? నాకు తెలిసినవాళ్లలో ఇది తెలిసినవాళ్లు చాలా తక్కువ. అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నేను డల్లాస్ పక్కన ప్లేనోలో ఉంటాను. ఇక్కడ ఎటు చూసినా ఈ పేరే. అర్వింగ్ వైపు వెళ్లాలంటే ఎక్కే 635 హైవే పేరు ఎల్‌బీజే ఫ్రీవే, అంటే లిండన్ బెయిన్స్ జాన్సన్. మా నియోజకవర్గానికి 1991 నుంచి 2019 జనవరి దాకా కాంగ్రెస్ సభ్యుడు శామ్ జాన్సన్, రిపబ్లికన్. వైమానిక దళ పైలట్‌గా వియత్నాంలో 1966లో పట్టుబడి దాదాపు ఏడేళ్లు జైల్లో చిత్రహింసలు పడ్డాడు. ఆ యుద్ధాన్ని అంత పెద్దది చేసింది లిండన్ జాన్సన్. అదే ఏళ్లలో పక్కనే డల్లాస్ నగరం నుంచి కాంగ్రెస్‌లో ఎడీ బెర్నీస్ జాన్సన్, డెమోక్రాట్. ఆవిడ వృత్తి రీత్యా నర్సు. నల్లజాతి అమ్మాయి కావడంతో టెక్సస్‌లో సరైన నర్సింగ్ చదువు దొరక్క ఇండియానా దాకా వెళ్లి చదువుకుని వచ్చింది. తర్వాత కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి రిజిస్టర్డ్ నర్సు అయింది, సభలో సైన్స్ కమిటీకి అధ్యక్షురాలూ అయింది. ఇక 2019 నుంచి డల్లాస్ మేయర్ ఎరిక్ జాన్సన్. గెలిచినప్పుడు డెమోక్రాట్, 2023లో రిపబ్లికన్ పార్టీలోకి మారాడు. పక్కపక్కనే ఉన్న వీళ్ల మధ్య ఏ బంధుత్వమూ లేదు, ఆలోచనల్లోనూ కలయిక లేదు.

వాట్సాప్‌లో ఏటా తిరిగే ఒక ఫార్వర్డ్ మీరు చూసే ఉంటారు. లింకన్‌ని చంపాక వచ్చింది జాన్సన్, కెనెడీని చంపాక వచ్చింది జాన్సన్, ఒకరు 1808లో, ఇంకొకరు 1908లో పుట్టారు అని. ఆ మాటలు నిజమే. కానీ అందులోనే లింకన్ సెక్రటరీ పేరు కెనెడీ అని కూడా రాస్తారు. లింకన్ సెక్రటరీలు నికొలే, హే అనేవాళ్లు. అంకెల వింత మీద ఉన్న ఆసక్తి ఆ ఇద్దరు జాన్సన్‌లు చేసిన పనుల మీద ఉంటే ఎంత బాగుండేది! బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లకి పౌరహక్కులిచ్చే బిల్లుని 1866లో ఆండ్రూ జాన్సన్ వీటో చేశాడు, కాంగ్రెస్ దాన్ని తోసిరాజని చట్టం చేసింది. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ పౌరసత్వం ఇచ్చే రాజ్యాంగ 14వ సవరణని కూడా ఆయన వ్యతిరేకించాడు. అది 1868లో అమల్లోకి వచ్చింది. హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లకి ఇక్కడ పుట్టిన పిల్లలు అమెరికన్ పాస్‌పోర్టుతో తిరుగుతున్నారంటే ఆ సవరణ వల్లే. 2025 జనవరిలో ట్రంప్ ఆ హక్కుకి కోత పెడుతూ ఉత్తర్వు ఇచ్చినప్పుడు మన గ్రూపుల్లో ఎంత టెన్షన్ పడ్డారో చూశాం కదా.

ఏ ఫార్వర్డ్‌లోనూ కనబడని జాన్సన్ ఇంకొకడున్నాడు, ఆల్బర్ట్ జాన్సన్. వాషింగ్టన్ రాష్ట్రంలో పత్రికా సంపాదకుడు, 1913 నుంచి 1933 దాకా కాంగ్రెస్‌లో ఉన్నాడు. వలసల కమిటీకి అధ్యక్షుడు. జాతుల్లో మేలు రకం, నాసి రకం ఉంటాయని ప్రచారం చేసే యూజెనిక్స్ పరిశోధకుల సంఘానికి కూడా నాయకత్వం వహించాడు. 1924లో వచ్చిన వలస చట్టాన్ని జాన్సన్-రీడ్ చట్టం అంటారు. అందులో జాన్సన్ ఈయనే. ఐరోపాలో ఏ దేశం నుంచి ఎంతమంది రావాలో కోటాలు పెట్టి, ఆసియావాళ్లకి దాదాపు పూర్తిగా తలుపు వేసేసింది. అంతకుముందు 1913లోనే కాలిఫోర్నియా గవర్నర్ హైరమ్ జాన్సన్, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదనే చట్టం మీద సంతకం పెట్టాడు. అది ముఖ్యంగా జపాన్ రైతుల మీద గురిపెట్టింది. 1923లో భారతీయులకి పౌరసత్వార్హత లేదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక అక్కడి పంజాబీ రైతుల మెడకీ చుట్టుకుంది. 1946లో తలుపు కొద్దిగా తీసినా భారతదేశానికి ఏడాదికి 100 మందే.

మా నాన్నగారి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ స్కూళ్లలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మా దగ్గరికి వచ్చినప్పుడు, టెక్సస్ కొండప్రాంతం హిల్ కంట్రీలో లిండన్ జాన్సన్ ఫారం, ఆయన చదువుకున్న బడి ఉన్నాయి, చూపిస్తానంటే ముఖం చిట్లించారు.

"ఆయన ఊరు మనకెందుకమ్మా? మనచేత ఓడ ఓడకీ చెయ్యి చాపించాడు."

నాన్నది పుస్తకాల్లో చదివిన కోపం కాదు. 1965, 66ల్లో వరసగా వానలు లేక దేశంలో తిండిగింజలకి కటకట వచ్చినప్పుడు, పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయ చట్టం కింద రావాల్సిన గోధుమలకి జాన్సన్ ఒక్కసారిగా ఒప్పందం చేసుకోనివ్వలేదు. నెలా రెండు నెలలకి సరిపడా మాత్రమే, అదీ తనే స్వయంగా చూసుకుని వదిలేవాడు. భారత్ వ్యవసాయ విధానం మార్చుకోవాలన్నది ఒక కారణం, వియత్నాం మీద మనవాళ్లు విమర్శిస్తున్నారన్న చిరాకు ఇంకో కారణం. అప్పట్లో నాన్న ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నారు. మధ్యాహ్నం అమెరికా రవ్వతో ఉప్మా పెట్టేవాళ్లట, పాలపొడి కలిపిన పాలు పోసేవాళ్లట. చేతులు కలిపిన బొమ్మ ఉన్న ఆ నూనె డబ్బా ఖాళీ అయితే మా నాయనమ్మ ఎలాగో సంపాదించి అందులో కందిపప్పు పోసుకునేది. ఉప్మా ఉంటుందా లేదా అన్నది కొన్నాళ్లు ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు తెలిసేది కాదని నాన్న ఇప్పటికీ చెబుతారు.

మొత్తానికి ఒప్పించి తీసుకెళ్లాను. జాన్సన్ సిటీ దాటాక 290 రోడ్డు మీద స్టోన్‌వాల్ వస్తుంది. పెడర్నాలిస్ నది ఒడ్డున ఓక్ చెట్లు, ఎర్రటి ఒళ్లు తెల్లటి ముఖాలతో హెర్‌ఫోర్డ్ ఆవులు. ఎండ మా పల్నాడు ఎండే. రాళ్ల గోడ కట్టిన చిన్న కుటుంబ శ్మశానంలో ఆయన సమాధి. నాన్న అక్కడ ఆగలేదు. ఆగింది జంక్షన్ స్కూల్ దగ్గర. ఒంటిగది బడి. లోపల బెంచీలు, నల్లబల్ల. నాలుగేళ్ల వయసులో లిండన్‌ని అక్కడ టీచరు కేట్ డెడ్రిక్ ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివించేదట. 1965 ఏప్రిల్ 11న, పేదపిల్లలు చదివే స్కూళ్లకి ఫెడరల్ డబ్బు ఇచ్చే చట్టం మీద ఆయన సంతకం పెట్టింది వైట్‌హౌస్‌లో కాదు, ఆ బడి ముందు. ఆ టీచరమ్మని పిలిపించి పక్కన కూర్చోబెట్టుకుని సంతకం పెట్టాడు.

ఇది చెప్పగానే నాన్న, "ఆవిడ అప్పటికి బతికే ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. "పక్కనే కూర్చోబెట్టాడా? వేదిక మీదేనా?" అని మళ్లీ అడిగారు. వేదిక లేదు నాన్నా, బయట ఒక బల్ల వేసుకున్నారు అన్నాను. అప్పుడు ఆయన తన సర్వీసులోని ఒక సంగతి చెప్పారు. ఒక మంత్రిగారు మా స్కూల్లో కొత్త గదులు ప్రారంభించడానికి వస్తే వేదిక మీద మండల నాయకులందరికీ కుర్చీలు వేశారట, హెడ్మాస్టారుకి వెయ్యలేదట. మాస్టార్లంతా షామియానా బయట ఎండలో పిల్లల వరసలు సరిచేస్తూ నిలబడ్డారు. అది చెబుతుంటే నాన్న గొంతులో అవమానం ఇంకా అలాగే ఉంది. టీచర్ల గౌరవం గురించి సెప్టెంబర్ 5న మాత్రం ఎంత మాట్లాడతామో!

తిరుగు దారిలో రోడ్డు పక్కన పీచ్ పళ్లు కొనుక్కుని కారులో వాదించుకుంటూ వచ్చాం. ఆయన జాన్సన్‌ని క్షమించలేదు. "తిండి దగ్గర చేసింది తప్పే. బడి దగ్గర చేసింది ఒప్పే. నీ పిల్లలకి రెండూ చెప్పు" అన్నారు. నేను మూడోది కూడా చెబుతానన్నాను.

ఆ మూడోది 1965 అక్టోబర్ 3న జరిగింది. న్యూయార్క్‌లో లిబర్టీ విగ్రహం పాదాల దగ్గర లిండన్ జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. 41 ఏళ్ల కిందట ఆల్బర్ట్ జాన్సన్ పెట్టిన దేశాలవారీ కోటాలు దాంతో పోయాయి. ఇది విప్లవాత్మకమైన బిల్లు కాదు, లక్షలాది మంది జీవితాల్ని మార్చేది కాదు అని ఆరోజు ఆయనే అన్నాడు. ఆ అంచనా పూర్తిగా తప్పింది. మొదట డాక్టర్లు, ఇంజనీర్లు వచ్చారు, వాళ్ల వెనక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఆ తర్వాత మా తరం సాఫ్ట్‌వేర్ వాళ్లం. ఈ చట్టం లేకపోతే ప్లేనోలో గుడీ లేదు, ఫ్రిస్కోలో బిర్యానీ హోటలూ లేదు.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. ఆ చట్టం జాన్సన్ ఒక్కడి మంచితనం వల్ల రాలేదు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టం, అక్టోబర్‌లో ఇది. మూడూ ఒకే ఊపులో వచ్చాయి. ఆ ఊపు తెచ్చింది ఏళ్ల తరబడి హక్కుల కోసం పోరాడి, అలబామాలో సెల్మా వంతెన మీద లాఠీదెబ్బలు తిన్న నల్లజాతి జనం. ఇంట్లో మనుషుల్ని రంగుని బట్టి చూడకూడదని చట్టం చేసుకున్న దేశం, గుమ్మం దగ్గర పుట్టిన దేశాన్ని బట్టి ఆపడం ఇక కుదరదు కదా. మన వీకెండ్ పార్టీల్లో "మేం కష్టపడి వచ్చాం, వాళ్లే పైకి రారు" అని నల్లజాతివాళ్ల గురించి మాట్లాడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మనం కష్టపడ్డాం, నిజమే. వీసా అనేది ఉండటానికి కష్టపడ్డది మాత్రం వాళ్లు.

ఆ చట్టంలోనే మన ఇప్పటి బాధకి బీజం కూడా ఉంది. భారత్ లాంటి తూర్పు అర్ధగోళ దేశాల్లో ఒక్కోదానికి ఏడాదికి 20,000 వీసాలకి మించకూడదని అప్పుడే పరిమితి పెట్టారు. 1990 చట్టంతో అది, మొత్తం వీసాల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న లెక్కగా మారింది. గ్రీన్‌కార్డు క్యూలో జుట్టు నెరిసిపోతున్న మనవాళ్లు ఆ 7 శాతం దగ్గరే ఇరుక్కుపోయారు. ఉద్యోగాల కోటాలో ఆ పరిమితి తీసేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో గెలిచింది. మరుసటి ఏడాది డిసెంబర్‌లో సెనేట్ దాన్ని మార్పులతో పాస్ చేసింది. రెండు సభలూ ఒకే రూపానికి ఒప్పుకునేలోపు ఆ కాంగ్రెస్ గడువు అయిపోయింది.

మీ ప్రశ్నలో మైక్ జాన్సన్ ఎవరి బంధువని ప్రత్యేకంగా అడిగారు. ఆయన లూసియానా నుంచి వచ్చిన లాయరు, 2023 అక్టోబర్‌లో స్పీకర్ అయ్యాడు. ముందు చెప్పిన జాన్సన్‌లెవరికీ వారసుడు కాదు. మనకి కావాల్సింది ఇంకొకటి. ప్రతినిధుల సభలో ఏ బిల్లు ఓటింగ్‌కి రావాలో ఎక్కువగా తేల్చేది స్పీకరే. కాబట్టి మీ నియోజకవర్గ సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేసి, ఆ దేశాలవారీ పరిమితి (కంట్రీ క్యాప్) తీసేసే బిల్లు మళ్లీ పెడితే మీరు సహప్రతిపాదకులుగా చేరతారా, దాన్ని సభ ముందుకి తెమ్మని స్పీకర్‌ని అడుగుతారా అని అడగండి. సిటిజన్ కాకపోయినా అడగొచ్చు. ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు, జిప్ కోడ్ అడిగి మీ మాట రాసుకుంటారు.