కంపెనీకి లాభం వచ్చే పరిశోధనకు ప్రభుత్వం డబ్బెందుకు పెట్టాలి?

లాభం కంపెనీదే కదా, ఖర్చూ వాళ్లే పెట్టుకోవచ్చుగా అని మీ ప్రశ్న. మా పలాస జీడిపప్పు సంగతే చూడండి. పిక్క కొట్టి పప్పు తీసేటప్పుడు తొక్కలోని జీడి చేతికి అంటితే చర్మం కాలి నల్లబడుతుంది, పప్పు విరిగిందా, గుండ్ల రేటు పోయి బద్దల రేటే వస్తుంది. దీనికి మంచి మిషన్ కావాలి, కానీ చిన్న ఫ్యాక్టరీ యజమాని ఏళ్ల తరబడి ప్రయోగాలకు డబ్బు పోయలేడు, పోసినా పక్క ఫ్యాక్టరీవాళ్లు చూసి అలాంటిదే చేయించుకుంటారు, అందుకే ఎవరూ ముందుకు రారు. ప్రభుత్వం దిగాల్సింది సరిగ్గా ఇక్కడే.

1996లో కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు పని అదే. ప్రాజెక్టు ఖర్చులో సగం వరకు తక్కువ వడ్డీకి అప్పిస్తుంది, మిగతాది కంపెనీ తెచ్చుకోవాలి. సొంత డబ్బు ఇరుక్కుంటుంది కాబట్టి అమ్ముడుపోని వస్తువు జోలికి ఎవరూ వెళ్లరు. విదేశీ టెక్నాలజీ దిగుమతి చెల్లింపులపై వేసిన సెస్సు డబ్బును ఈ బోర్డు నిధికి ఇవ్వాలనుకున్నారు, 2017లో ఆ సెస్సు రద్దయింది.

నన్నడిగితే అప్పు ఒక్కటే చాలదు. ల్యాబ్ వాళ్లు డిజైన్ గీయకముందే మా పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గ వచ్చి పిక్కలు కొట్టే ఆడవాళ్ల పక్కన కూర్చోవాలి, ఒకే బస్తాలో పిక్కల సైజు ఎంత తేడాగా ఉంటుందో, దెబ్బ ఎక్కడ పడితే పప్పు నిలుస్తుందో వాళ్లకే బాగా తెలుసు.